సారె కావిడి ఎటు వంగాలి

మనిషి చెప్పిన మాట చెక్క వింటుందని మొదట అన్నది నేనే. ఎవరితో అన్నానో, ఎందుకన్నానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆమదాలవలసలో స్టేషనుకు పోయే దారిలో మా తాళ్ళ కొట్టు ఉండేది. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నవాడు రైలు వచ్చేదాకా ఏదో ఒకటి వినాలి కదా, నేను ఏదో ఒకటి చెప్పాలి కదా. అలా చెప్పినవాటిలో అదొకటి. మా తాత కొబ్బరితాడును నానబెట్టి పిలిస్తే అది పాములా పాక్కుంటూ వచ్చి తనంతట తానే చుట్ట చుట్టుకునేదని కూడా ఆ రోజే చెప్పినట్టున్నాను. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చెక్క మాట మాత్రం మా అక్క చెవిన పడింది.

పంతొమ్మిది వందల అరవయ్యేడో, అరవయ్యెనిమిదో. నూర్పులు అయిపోయి ధాన్యం బళ్ళు మిల్లుల ముందు బారులు తీరిన రోజులు. నాకు నలభై దాటాయి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. బావ పోయాక అక్కని, దాని కూతుర్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను. అంచేత ఎవరి ఇంట్లో ఎవరుంటున్నారో మా ఇద్దరికీ ఎప్పుడూ తేలలేదు. నన్ను తిట్టాల్సి వచ్చినప్పుడు అది అక్క ఇల్లు, కొట్టు తాళం పోయినప్పుడు నా ఇల్లు.

అంతకు ముందు ఏడాది మేనకోడల్ని నెల్లిమర్లలో జూటుమిల్లు దగ్గర కొట్టున్నవాళ్ళకి ఇచ్చాం. పెళ్ళిసారె పంపే రోజున కావిడి మోసేవాడికి జ్వరం వచ్చింది. నేను ఉపాయం చేసి, అటు పోయే లారీ మీద గోనెకట్టల నడుమ అరిసెల బుట్టలు, చలిమిడి బిందె పెట్టి, ముందు అక్కని ఎక్కించి పంపేశాను. లారీ వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. వియ్యపురాలు బయటికొచ్చి, ఒకసారి లారీనీ ఒకసారి అక్కనీ చూసి, వీధంతా వినేట్టు అడిగింది: "సారె వచ్చిందా వొదినా, సరుకు దిగిందా?"

ఆ మాట అక్క మనసులో పడుండిపోయింది. ఇప్పుడు మేనకోడలికి ఏడో నెల. సీమంతం సారె తీసుకెళ్ళి, పిల్లని పురుటికి తెచ్చుకోవాలి. వియ్యపురాలేమో పురుడు తమ ఇంట్లోనే పోసుకుంటామని రైల్లో వచ్చేవాళ్ళతో కబురు పెడుతోంది.

"ఈసారి సారె కావిడి మీదే ఎల్లాల," అంది అక్క. "తాత సేసిన కావిడి లాటి కావిడి. మన గుమ్మం కాడ ఎత్తిన బుట్ట ఆల్ల గుమ్మంలో పీట మీదే దిగాల. దారిలో నేల తగిలిందో, సారె సారె కాదు, మల్లీ సరుకే. అప్పుడు గుంటని పురుటికి పంపమని ఏ మొకం పెట్టుకుని అడగను?"

"వడ్రంగి బావకి సెప్పి సేయించేద్దాం," అన్నాను.

"మేనమామ సెయ్యి పడాల. తాత తన మేనకోడలికి తనే సెక్కినాడు. సెక్క నీ మాట ఇంటాదని రైలెక్కినోల్లందరికీ సెప్పావు కదా. సెప్పు దానికి."

తాత కావిడి నేను చూడలేదు. నేను పుట్టేసరికే చెదలు దాన్ని తినేశాయి. రెండు కొసలా రెండు చిలకలుండేవని మాత్రం ఇంట్లో చెప్పుకునేవారు. బతికున్నవాళ్ళలో వాటిని చూసినది అక్క ఒక్కతే. అందుకని దాన్నే అడిగాను.

"సిలకలు లోపలికి సూసీవా, బయటికా?"

"సిలకలు సూసినట్టే సూసీవి."

"ముక్కున ఏటైనా ఉండీదా?"

"వరికంకి ఉన్నట్టే గుర్తు. కాకపోతే అది తోకేమో."

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేం అడుగుతాను?

కర్ర కోసం శృంగవరపుకోట సంతకి వెళ్ళాను. అక్కడికి కొండ మీదినుంచి తడచెట్టు కర్ర వస్తుంది, తడకర్ర అంటారు. బండి కాడికీ గొడ్డలి కామకీ పనికొచ్చే సాగుడు కర్ర. ఎంత వంచినా విరగదని పేరు. అమ్మే మనిషి ఒక కర్రని మోకాలికి ఆనించి విల్లులా వంచి చూపించి, చెప్పకుండా వదిలేశాడు. అది లేచి నా తలపాగాని కొట్టింది. తలపాగా ఎగిరి నాలుగు కొట్లవతల ఎండుమిరపకాయల బుట్టలో పడింది. నాలుగు కాదు రెండేనని నాతో వచ్చిన వడ్రంగి బావ ఇప్పటికీ వాదిస్తాడు. మిరపకాయల సంగతి మాత్రం కాదనలేడు. ఇంటికి చేరేదాకా నేను తుమ్ముతూనే ఉన్నాను.

వడ్రంగి బావ మాకు చుట్టం కాదు. వాళ్ళ పందిరీ మా కొట్టూ వెనకా ముందూ కనక బావ. బళ్ళు చేసే చెయ్యి. చిన్నప్పుడెప్పుడో గుమ్మాల మీద లతలు, హంసలు చెక్కాడట. నేర్పుతావా అంటే, "నేర్పడానికేటుంది? ఉలి ఉన్నాది, సెక్క ఉన్నాది, మద్దిలో నువ్వు అడ్డు రాకుంటే సాలు," అన్నాడు.

మొదటి పాఠం నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఉలి పెట్టి, కొడతి అనే చెక్కసుత్తితో ఒక దెబ్బ వేశాను. చెక్కలోంచి జానెడు పేడు లేచిపోయింది.

"కర్ర నారెంట పోతావేటి? సీలిపోదా?" అన్నాడు బావ.

అటు తిరిగి కొట్టాను. ఉలి కరుచుకుపోయి రాలేదు.

"నారకి ఎదురెల్తావేటి? ఇరిగిపోదా?"

"మరి అడ్డంగా కొట్టీదా?"

"అడ్డంగా ఎవడు కొడతాడ్రా, కట్టెలు కొట్టీవోడు తప్ప?"

"వెంట పోకూడదు, ఎదురెల్లకూడదు, అడ్డంగా కొట్టకూడదు. మరెలాగ బావా?"

"సూసుకుని కొట్టాల," అన్నాడు బావ, గొప్ప రహస్యం చెప్పినట్టు. తర్వాత బీడీ ముట్టించి బండిచక్రం దగ్గరికి పోయాడు.

సూసుకుని కొట్టాను. రెండు వేళ్ళ మీద పడింది.

చేతికి ఉలి అలవాటయ్యేదాకా తడకర్ర ముట్టుకోవద్దని, మెత్తని వస్తువు మీద చిలక పట్టు నేర్చుకోమని బావ కందదుంప తెప్పించాడు. కందదుంప మీద చిలక బాగానే వస్తుంది. పొట్ట గుండ్రం, తోక వాలు, మెడ వంపు అన్నీ చెప్పినట్టు వింటాయి. వచ్చిన చిక్కల్లా దురద. మోచేతుల దాకా దురద. ఒక చేత్తో చెక్కుతూ, ఇంకో చేత్తో గోక్కుంటూ, గోక్కునే చెయ్యి కూడా దురదదే కావడంతో దేన్ని దేంతో గోకాలో తెలియక బావ పందిరి రాటకు వీపు రాసుకున్నాను. కొట్టుకొచ్చినవాళ్ళు చూసి, తాళ్ళాయనకి ఏదో పూనిందనుకున్నారు.

పాడైపోయిన చిలకల్ని అక్క పారెయ్యనివ్వలేదు. చింతపండు పులుసు పోసి, ఆవ పెట్టి వండేది. ఆ రోజుల్లో మా ఇంట్లో చిలకల పులుసు, చిలకల వేపుడు, చిలకల పచ్చడి. ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "ఒరే, ఈ ముక్కకి కన్నున్నాదిరా," అంది. అది నేను చెక్కిన మొదటి కన్ను. అది తినకుండా పక్కన పెట్టింది. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఇక తడకర్ర. కావిడిబద్దకి మధ్యలో మందం, కొసలకి పోయేకొద్దీ సన్నం ఉండాలి, కాని కొసన చిలకకి సరిపడా కర్ర మిగలాలి. బావ బాడిసెతో మోటుపని చేసి ఇచ్చాడు, "ఇది మేనమామ సెయ్యి కింద లెక్కేలే, నీ సెయ్యి పక్కనే ఉన్నాది కదా," అంటూ. మిగతాది నేను పట్టాను. చిలకల వెనక తాడు ఆగడానికి గంట్లు పెట్టాలని నాకు తెలుసు. కావిడి ఉట్లు అల్లి అమ్మేది నేనే కదా. తాడు సంగతి తెలిస్తే కర్ర సంగతీ తెలిసినట్టేనని నా లెక్క.

ఇక్కడ పెద్ద చిక్కు వచ్చింది. ముందు చెక్కాలా, ముందు వంచాలా?

"ముందు సెక్కాల," అన్నాడు బావ. "వంగిన కర్ర బల్ల మీద నిలవదు, పందిపిల్లలా దొర్లుతాది."

బుట్టలల్లే పెద్దమ్మని అడిగాను. స్టేషను గేటు దగ్గర వెదురుబద్దల్ని నిప్పు మీద కాచి కావలసినట్టు వంచే మనిషి ఆవిడ. "ముందు వంచాల బాబూ," అంది. "సెక్కినాక ఏడి తగిలితే సిలక ముక్కు పగిలిపోద్ది."

బావ దగ్గరికొచ్చి ఈ మాట చెప్పాను. "బుట్టలదానికి సెక్క సంగతేటి తెలుసు?" అన్నాడు. ఆవిడ దగ్గరికెళ్ళి అది చెప్పాను. "సక్రాలోడికి వంపు సంగతేటి తెలుసు? ఆడు కర్రని కోస్తాడు, నాను వంచుతాను. కోసినోడికి కర్ర భయపడతాది, మాటింటాదేటి?" అంది. నేను ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, రైలుగేటు అవతల ఉన్నప్పుడు ఆవిడ మాట నిజమనీ, ఇవతల ఉన్నప్పుడు బావ మాట నిజమనీ తేల్చుకున్నాను. గేటు పడి మధ్యలో నిలబడినప్పుడు ఏదీ నిజం కాదు.

చివరికి బల్ల ఇవతల ఉంది కనక ముందు చెక్కాను. చిలకలు వచ్చాయి. గొప్పగా వచ్చాయని నేననను. ఒకటి చిలక, రెండోది చిలకని చూసి బెదిరిన కాకి. కాళ్ళు కర్రని పట్టుకుని, తల పైకెత్తి, ముక్కున కంకి. ఆ కంకిని తోక అనుకున్నవాళ్ళూ ఉన్నారు, అక్క జ్ఞాపకానికి అదే సరిగ్గా సరిపోయింది. అక్క వచ్చి రెండు చిలకల్నీ తడిమి చూసింది. "కాకి బావున్నాది," అని వెళ్ళిపోయింది.

వంచే పని ధాన్యం మిల్లు దొడ్లో జరిగింది. ఉప్పుడు బియ్యానికి అక్కడ పెద్దపెద్ద గంగాళాల్లో ధాన్యం ఉడకబెడతారు. ఆవిరి అలా వృథాగా ఆకాశానికి పోతుంటే చూడలేకపోయానని మిల్లువాళ్ళతో చెప్పి, ఒక గంగాళం మీద కర్రని అడ్డంగా పెట్టి, తడిగోనెలు కప్పాను. చిలకల ముక్కులకి పెద్దమ్మ ఆముదం రాసి అరిటాకు చుట్టింది. ముందు కర్రముక్క ఒకటి పరీక్షకి పెట్టాం. సరిగ్గా ఉడక్కుండానే నేను తొందరపడి వంచితే టపాసులా పేలి రెండైంది. ఇంకో ముక్కని మరీ ఉడికించాం, అది వంగిందే కాని చల్లారాక నెమ్మదిగా మళ్ళీ తిన్నగా అయిపోయింది, మేము ఏమీ అననట్టు.

"కర్ర మనిసిలాటిదే బాబూ," అంది పెద్దమ్మ. "పది సెప్తే ఆరింటాది. కావలసిన దానికన్నా ఎక్కువ వంచి కట్టాల. ఇప్పినాక కొంత యెనక్కి పోతాది, మిగిల్నదే మనది."

అసలు కర్ర వంతు వచ్చింది. గోనెల కింద అది వరిగడ్డి వాసన, ఉడికిన ధాన్యం వాసన కలిసి, తినెయ్యొచ్చేమో అన్నట్టుంది. నేలలో మూడు మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. చేతులకి గోనెపీలికలు చుట్టుకుని కర్రని లాక్కొచ్చి మేకుల నడుమ పెట్టాం. పెద్దమ్మ ఒక కొస పట్టుకుని అడిగింది:

"ఎటు బాబూ?"

"ఎటేటి?"

"సిలకలు పైకెల్లాలా, కిందకెల్లాలా? బేగి సెప్పు, సల్లారిపోతన్నాది."

"నీకు తెల్దా?"

"నాకు బుట్టలు తెలుసు, బండిగూడు తెలుసు. కావిడి నానెప్పుడు సేసినాను?"

నేను క్షణం కూడా తడుముకోలేదు. అన్ని రోజుల అయోమయంలోనూ నాకు నిస్సందేహంగా తెలిసిన సంగతి అదొక్కటే. పుట్టిన దగ్గరినుంచి చూస్తున్నాను, కావిడి మోసేవాడు నడుస్తుంటే మధ్య భుజం మీద ఎత్తుగా, రెండు కొసలూ కిందికి వంగి ఉంటాయి. కళ్ళు మూసుకుని బొమ్మ గియ్యమన్నా అలాగే గీస్తాను.

"కిందకి!" అని అరిచాను.

వంచాం. కట్టాం. రెండు రోజులాగి విప్పితే కొంత వెనక్కిపోయి, మిగిలింది మాకు మిగిలింది. నెలవంకలా ఉంది. కొట్టు చూరుకి వేలాడదీశాను. రైలుకొచ్చినవాళ్ళందరూ చూసి ఆహా అన్నారు. బావ కూడా ఆహా అన్నాడు. వంపు తన పని కాదు కనక వంపు వైపు చూడనే లేదు, చిలకలకే అన్నాడు.

ప్రయాణం రోజు పొద్దున్న కావిడి మావ వచ్చాడు. పెళ్ళిసారె రోజున జ్వరం వచ్చిన మనిషే. ఇల్లిల్లూ తిరిగి సారెలు మోసి భుజం మీద కాయ కాసినవాడు, ఆ కాయని ఉంగరంలా అందరికీ చూపించేవాడు. అక్క బుట్టల్ని నేల మీద కాకుండా బల్ల మీద సిద్ధం చేసి పెట్టింది. అరిసెలు, చలిమిడి, అరటిపళ్ళు, గాజులు. మావ కావిడిని చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, చిలకల్ని చూసి, నన్ను చూసి, పకపకా నవ్వడం మొదలెట్టాడు.

"ఏటి మావా?"

"ఇదేటి అల్లుడూ, మోసీదానికా, ముగ్గులోకా?"

"మోసీదానికే."

"సరే, ముందు సారె వొద్దు. ధాన్యం మూటలు రెండు తే."

ఉట్లలో రెండు మూటలు వేసి, భుజానికెత్తి లేచాడు. మావ లేచాడు కాని మూటలు లేవలేదు. మామూలుగానే కిందికున్న కొసలు ఆ బరువుకి ఇంకా కిందికి దిగాయి. ఉట్టితాళ్ళు గంట్లు దాటి జారి చిలకల మెడలకి బిగుసుకున్నాయి. మావ నాలుగడుగులు వేస్తే మూటలు నాలుగడుగులూ నేల మీదే నడిచాయి.

"తాళ్ళు కురస సేసెయ్యనా?" అన్నాను. తాళ్ళవాడిని కదా.

"కురస సేస్తే బుట్ట మోకాలికి కొట్టుకుంటాది. అడుగు పడదు. మల్లా జారీది జారతానే ఉంటాది." మావ కర్ర దించి, వేలితో గాల్లో గీశాడు. "కావిడికి కొసలు పైకుండాల. బరువు పడితే దిగి సమంగా వస్తాది, అడుక్కీ అడుక్కీ సాగి లేస్తాది, అదే మోసీవోడికి ఊపిరి. నువ్వు బరువు దిగినాక ఉండీ రూపానికి ముందే వంచేసినావు. ఇంక బరువు ఎటు దిగాల? నేల్లోకి."

"నేను పుట్టిన కాడినుంచీ సూస్తన్నాను మావా, కొసలు కిందకే ఉంటాయి!"

"బరువున్న కావిడిని సూసినావు. కాళీ కావిడిని ఎవడు సూస్తాడు?"

వెనక అక్క నిలబడి ఉంది. ఏదైనా అంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

మావ కర్రని తిరగేశాడు. కొసలు పైకి వచ్చాయి. మూటలు వేసి ఎత్తితే, నిజంగానే, కర్ర మెల్లగా దిగి సమంగా నిలిచింది. అడుగు వేస్తే సాగింది, లేచింది. నా కర్ర ఊపిరి తీస్తోంది. అయితే చిలకలు రెండూ తల్లకిందులైపోయాయి. కాళ్ళు పైకి, తలలు కిందికి, కాకి మరీ బెదిరిపోయి.

బావ పరిగెత్తుకొచ్చాడు. "తలకాయలు కోసేసి తిప్పి అతికేద్దాం!"

"అతికినవి ఆరేసరికి గుంటకి పురుడొచ్చేస్తాది," అంది అక్క. "తిప్పీయండి. సిలకలు ఎలాగైనా ఏడవనీ. సారె నేల తగలకూడదు."

అలా బయల్దేరాం. పాసింజరు ఎక్కాక మళ్ళీ సందేహం. రైలుపెట్టెలో నేల, నేలా కాదా?

"నేల కాదేటి? దుమ్మున్నాది కదా," అంది అక్క.

"సెక్క కదా అక్కా."

కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన తీర్పు చెప్పాడు. "కదులుతున్నంతసేపూ నేల కాదు. ఆగితే నేలే."

ఆ ప్రకారం రైలు ఆగిన ప్రతి చోటా కావిడి ఎత్తాలి. అంత పని ఎవరికి కుదురుతుంది? కర్రని ఎదురెదురు సామాన్ల బల్లల మీద అడ్డంగా పెట్టేశాం. రెండు బుట్టలూ జనం తలల నడుమ వేలాడుతూ, రైలు ఊగినప్పుడల్లా ఊగుతూ వచ్చాయి. అరిసెల వాసనకి పెట్టెలో సగంమంది మాకు చుట్టాలైపోయారు. వాళ్ళందరి కళ్ళకీ ఎదురుగా చిలకలు.

"తలకిందులుగా ఉన్నాయేమండీ?"

పొందూరులో ఎక్కినాయనకి, దిష్టి తగలకుండా అని చెప్పాను. చీపురుపల్లిలో ఎక్కినావిడకి, ఇది రాజుల కాలంనాటి పద్ధతి అన్నాను. ఇంకొకాయనకి, ఇవి చిలకలు కావు, తల్లకిందులుగా ఉంటేనే పాడే ఒక కొండపిట్ట అన్నాను. పొందూరాయన దిగలేదని అప్పుడు చూసుకున్నాను. ఆయన చీపురుపల్లి ఆవిడతోనూ, ఆవిడ మూడో ఆయనతోనూ మాట్లాడుకుంటున్నారు. ముగ్గురూ కలిసి నావైపు తిరిగారు. గరివిడి వచ్చేసరికి నా దగ్గరున్న కోతలన్నీ అయిపోయాయి. నమ్మండి నమ్మకపోండి, నా బతుకులో చెప్పడానికేమీ లేకుండా కూర్చున్నది ఆ గరివిడి నుంచి నెల్లిమర్ల దాకానే.

నెల్లిమర్లలో దిగేసరికి మిల్లు షిఫ్టు మారుతోంది. వీధి నిండా జనం. మావ కావిడి ఎత్తాడు. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. నేను వెనక నడుస్తూ బుట్టల అడుగునే చూస్తున్నాను. ఒకచోట గతుకు, బుట్ట దిగి దిగి నేలకి బెత్తెడు ఎత్తులో ఆగి మళ్ళీ లేచింది. ఒకచోట కుక్క అడ్డొచ్చింది. మావ ఆగకుండా భుజం మార్చాడు, కర్ర ఒకసారి వణికి నిలదొక్కుకుంది. అక్క ముందు నడుస్తోంది, వెనక్కి చూడలేదు. చూస్తే ఏమవుతుందోనని.

వియ్యపురాలు గుమ్మంలో ఉంది. పీటలు వేసి ఉన్నాయి. మావ వంగకుండా, మోకాళ్ళ మీద దిగుతూ, రెండు బుట్టల్నీ ఒకేసారి పీటల మీద ఆన్చాడు. నా ఊపిరి అప్పుడు దిగింది.

ఆవిడ బుట్టల్ని చూసింది. కావిడిని చూసింది. తల పక్కకి వంచి ఇంకోసారి చూసింది.

"సిలకలు తల్లకిందులుగా ఉన్నాయేటి వొదినా?"

వీధిలో జనం ఆగారు. అక్క నావైపు చూసింది. నేను నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. దిష్టి, రాజులు, కొండపిట్ట, అన్నీ రైల్లోనే ఖర్చయిపోయాయి.

అప్పుడు అక్క మాట్లాడింది. నలభై ఏళ్ళుగా నా కోతలకి తలబాదుకున్న మనిషి, మజ్జిగలో నీళ్ళు కలిపితే కలిపానని చెప్పేసే మనిషి.

"మా తాత కావిడికి అలగే ఉండీవి వొదినా," అంది నిదానంగా. "కడుపు నిండిన సిలక కొమ్మ మీద కూసుంటాది. తింటన్న సిలక కంకికి ఏలాడతాది. సారె కావిడికి తింటన్న సిలకే ఉండాలనీవోడు మా తాత. మీ సూరు సూడండి."

అందరం చూశాం. చూరుకి కొత్తధాన్యపు కంకుల కుచ్చు కట్టి ఉంది. దానికి ఒక పిచ్చుక కాళ్ళతో పట్టుకుని తల్లకిందులుగా వేలాడుతూ గింజలు పొడుచుకుంటోంది.

వియ్యపురాలు పిచ్చుకని చూసింది, నా కాకిని చూసింది. ముక్కున ఉన్నది కంకేనని గుర్తుపట్టిన మొదటి మనిషి ఆవిడే. వేలితో దాన్ని ముట్టుకుంది. "ఈసారి సారే వచ్చిందిలే," అంది, కాస్త మెల్లగా. లోపలికి తిరిగి కోడల్ని పిలిచింది. భోజనాలయ్యాక తనే కదిపింది. "పురుటికి ఇయ్యాలే తీసుకెల్తారా, రోజు సూసుకుని వస్తారా? ఇయ్యాల మంచిదే. కావిడి మాత్రం ఇక్కడుంచీయండి. మా ఆడపడుసుకి సూపించాల."

సాయంత్రం పాసింజరుకి తిరిగొస్తున్నాం. మేనకోడలు కొత్తగాజులు గలగలలాడించుకుంటూ కిటికీ పక్కన కూర్చుంది. మావ అప్పటికే గురక. నేను అక్క పక్కకి జరిగాను.

"తాత సిలకలు నిజంగా తల్లకిందులుగానే ఉండీవా?"

"ఉండీవేమోరా."

"ఏమో ఏటి? నువ్వే కదా సూసినావు. పొద్దున్న అంత గట్టిగా సెప్పావు."

"సూసినాను," అంది అక్క. "కావిడి అటక మీద ఉండీది. నేను కింద సాప మీద పడుకుని సూసీదాన్ని. ఎల్లకిలా పడుకుని సూస్తే ఏది పైనో ఏది కిందో ఎలా తెలుస్తాది?"

"అయితే అబద్దమా?"

"అబద్దమెందుకవుతాది? అలగే కనిపించీవి."

మేనకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కోతలు కోసేవాడిని, ఎదుటివాడి కోత ఇట్టే పట్టేస్తానని పేరున్నవాడిని, మా అక్క నిజం చెప్పిందో కోసిందో నాకు తేలలేదు. ఎదురుగా ఉన్న బల్ల ఖాళీగా ఉంటే దాని మీద వెల్లకిలా పడుకున్నాను. పైన, పొద్దున్న కావిడి పెట్టినలాంటి సామాన్ల బల్ల మీద, ఇప్పుడు మేనకోడలి ట్రంకుపెట్టె ఉంది. దాని మీద రంగుపువ్వులు వేసి ఉన్నాయి. అవి తల్లకిందులుగా ఉన్నట్టు కనిపించాయి. పెట్టెని తిరగేసి పెట్టామా, పువ్వులే అలా వేశారా, నేను అటు తిరిగి పడుకోవడం వల్లనా అని చాలాసేపు చూశాను. లేచి నిలబడి చూస్తే తేలిపోతుందని తెలుసు. చీపురుపల్లి దాటినా లేవలేదు.